నేస్తం దగ్గరే ఆగిపోతున్న గోడు

సరిహద్దు తెలుగు పిల్లల బాధ మొదట వినేది స్నేహితులే.. ఆ తర్వాత వినేదెవరు?

హోసూరులో ప్లస్‌టూ, బళ్లారిలో పీయూసీ, సిరోంచలో బారావీ.. పేరు ఏదైతేనేం, పరీక్షల ముందు పిల్లల గుండెల్లో దడ ఒక్కటే. ఆ దడ సంగతి ఇంట్లో వాళ్లకన్నా ముందు తెలిసేది పక్క బెంచీ నేస్తానికి. "మచ్చా.. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదురా", "నాకేదోలా ఉంటోందే, అమ్మకు మాత్రం చెప్పకు" అన్న మాటలు సైకిల్‌ మీద వెళ్తూనో, హాస్టల్‌ మెట్ల మీద కూర్చునో, రాత్రి పదకొండు దాటాక సెల్‌ఫోన్‌ మెసేజ్‌లోనో మొదటిసారి బయటపడతాయి. విన్నవాళ్లదీ అదే వయసు. పదిహేనో, పదహారో. విని, "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని చేతిలో చెయ్యేస్తారు. చాలాసార్లు కబురు అక్కడితో ఆగిపోతుంది.

ఈ ఆగిపోవడమే అసలు చిక్కు. ప్రభుత్వాలు పథకాలు పెట్టాయి. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఉచితంగా మాట్లాడే ఫోన్‌ నంబరు ఉంది. ఇవన్నీ పెద్దల వైపు నుంచి పిల్లల దాకా రావాల్సినవి. పిల్లల వైపు నుంచి పెద్దల దాకా వెళ్లాల్సిన కబురుకు మాత్రం దారి ఎవరూ వేయలేదు. సరిహద్దు జిల్లాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకైతే దీనికి భాష కూడా తోడైంది.

తరగతికి ముగ్గురు

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం దేశంలో 2022లో 13,044 మంది, 2023లో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వీళ్లంతా పరీక్ష తప్పినవాళ్లే అనుకుంటే పొరపాటు. ఇంటి గొడవలు, అనారోగ్యం, ప్రేమ వ్యవహారాలు, అవమానాలు.. ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి ఉంటాయి. మార్కుల జాబితా వచ్చిన రోజు జరిగింది కాబట్టి మార్కుల ఖాతాలో పడుతుంది, అంతే.

ఇది చివరి మెట్టు. దానికి ఎంతో ముందు మెట్ల మీద నిలబడ్డ పిల్లల సంఖ్య చాలా పెద్దది. బెంగళూరులోని నిమ్హాన్స్‌ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. నలభై మంది కూర్చునే తరగతిలో దాదాపు ముగ్గురన్నమాట. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగితే 81 శాతం మంది తమ ఆందోళనకు కారణం చదువు, పరీక్షలు, ఫలితాలేనన్నారు.

ఇంతమందికి ఇబ్బంది ఉంటే అడగడానికి వెళ్తున్నదెవరు? యూనిసెఫ్‌ 2021 నివేదిక కోసం 21 దేశాల్లో 15-24 ఏళ్ల వారిని ప్రశ్నించారు. మనసు బాగాలేనప్పుడు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదేనని సగటున 83 శాతం మంది చెప్పారు. మన దేశంలో ఆ మాట అన్నది 41 శాతమే. మిగతావాళ్లు తమలో తాము అణచుకుంటున్నారు. మరీ ఉండబట్టలేనప్పుడు నేస్తం చెవిన వేస్తున్నారు.

బెంగకు తర్జుమా ఏది?

హోసూరు, బాగలూరు, డెంకణికోట వైపు ఇంట్లో మాట తెలుగు, బడిలో తమిళం. సిరుగుప్ప, సింధనూరు వైపు తుంగభద్ర కాలువ కింద వెలసిన క్యాంపుల పిల్లలకు బడిలో కన్నడం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడిల్లో ఒడియా. రెండు మూడు భాషలు గడగడా మాట్లాడటం ఈ పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య. బజారులో బేరానికి, బస్సులో గొడవకు, పరీక్షలో వ్యాసానికి ఆ భాషలు సరిపోతాయి. మనసులో బాధ చెప్పుకోవాల్సి వచ్చేసరికి మాత్రం ఇంటి మాటే కావాలి.

మన ఇళ్లలో డిప్రెషన్‌ అన్న మాట ఎవరూ అనరు. "బెంగ పెట్టుకున్నాడు" అంటారు. "మనసు మనసులో లేదు", "అన్నం సయించట్లేదు", "గుండె బరువెక్కింది" అంటారు. ఇంకొన్ని చోట్ల "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించి ఊరుకుంటారు. బెంగ అన్న ఒక్క మాటను పొరుగు భాషలోకి మార్చి చెప్పాలంటే పెద్దలే తడబడతారు. పదహారేళ్ల పిల్ల, ముక్కూమొహం తెలియని కౌన్సెలర్‌ ఎదుట కూర్చుని, బడి భాషలో చెప్పాలంటే ఎంత కష్టం! అందుకే "ఏం లేదు మిస్‌, బాగానే ఉన్నా" అని లేచి వచ్చేస్తుంది. బయట వరండాలో నిలబడ్డ తెలుగు స్నేహితురాలికి మాత్రం అంతా చెబుతుంది.

భాష ఒక్కోసారి బాధను చెప్పుకోవడానికి అడ్డం కావడమే కాదు, బాధకు కారణమూ అవుతుంది. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఒకటో తరగతి నుంచి ఏటా పైకి జరుగుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. తెలుగు, కన్నడ, ఉర్దూ పిల్లలు మాతృభాషలో పరీక్ష రాసేందుకు పెద్దలు కోర్టుల చుట్టూ తిరిగి మినహాయింపులు తెచ్చుకోవాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరో ఏడాది పొడిగించింది. ఏ పేపరు రాయాలో ఏటా ఆఖరి నిమిషం దాకా తేలని పిల్లల మనసు ఎలా ఉంటుందో ఆ వ్యాజ్యాల్లో ఎవరూ లెక్కించలేదు. ఆ దిగులు తెలిసింది పక్క సీటు తెలుగు పిల్లాడికే. వాడిదీ అదే దిగులు.

ఇంటర్‌ కోసం సరిహద్దు దాటి విజయవాడ, తిరుపతి, విశాఖ హాస్టళ్లకు వెళ్లే పిల్లల కథ మరోలా ఉంటుంది. అక్కడ చుట్టూ తెలుగే. అయితే యాస వేరు. మాటకు ముందు నవ్వులు. ఇంటి ఫోన్‌ వారానికొకసారి. చదువుల ఒత్తిడి, ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ, విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ పరిశీలన జరిపాయి. కమిటీలు వస్తాయి, నివేదికలు ఇస్తాయి. రాత్రి రెండు గంటలకు పక్క మంచం మీద పిల్లాడు దుప్పటి కప్పుకుని ఏడుస్తుంటే తెలిసేది మాత్రం రూమ్‌మేట్‌కే.

వినడం తెలుసు, దించుకోవడం తెలియదు

స్నేహితులు చేసే సాయం చిన్నదని కొట్టిపారేయడానికి లేదు. బడికి రాని వాడికి నోట్సు రాసిపెడతారు. అన్నం తినకుండా కూర్చున్న దాన్ని లాక్కెళ్లి పక్కన కూర్చోబెట్టుకుంటారు. వాట్సాప్‌లో ఫొటో తీసేసినా, అర్ధరాత్రి ఏడుపు పాట స్టేటస్‌ పెట్టినా ముందు పసిగట్టేది వాళ్లే. ఫలితాల రోజున "మా ఇంట్లో పడుకో రా" అని పిలిచే నేస్తం ఒక్కడున్నా ఆ రాత్రి గడిచిపోతుంది. మగపిల్లలు పెద్దగా మాట్లాడుకోరు. క్రికెట్‌ బ్యాటు పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడతారు. అది కూడా ఓదార్పే. "ఒక బీరేస్తే అదే పోతుంది" అనే నేస్తాలూ ఉంటారు. ఆ మందు రోగాన్ని పెంచేదే.

పిల్లల చేతికే అవగాహన ఇస్తే ఫలితం ఎలా ఉంటుందో చెప్పే ఆధారాలున్నాయి. ఐరోపాలోని 10 దేశాల్లో 168 పాఠశాలల్లో 11 వేల మందికి పైగా విద్యార్థులతో జరిపిన పరిశోధన 2015లో లాన్సెట్‌ పత్రికలో వచ్చింది. ఒకచోట ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మరోచోట నిపుణులు పిల్లలను పరీక్షించి గుర్తించారు. ఇంకోచోట పిల్లలకే మానసిక ఆరోగ్యం గురించి పాఠాలు చెప్పి, తమలో తాము పాత్రలు వేసుకుని మాట్లాడుకునేలా చేశారు. ఏడాది తర్వాత చూస్తే, ఏ కార్యక్రమమూ లేని బడులతో పోలిస్తే ఆత్మహత్యా యత్నాలు సుమారు సగానికి తగ్గింది ఈ మూడో చోట. మొదటి రెండింటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అదెక్కడో ఐరోపా అనుకుంటే, బిహార్‌లోని నలంద జిల్లా ఉంది. అక్కడి 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సెహర్‌ పేరుతో జరిగిన ప్రయోగం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కొన్ని బడుల్లో శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు, డాక్టర్లు కాదు మామూలు మనుషులు, పిల్లలతో కలిసి పనిచేశారు. కొన్నింట్లో అదే పని ఉపాధ్యాయులకు అప్పగించారు. పిల్లలు పేరు రాయకుండా చీటీ మీద బాధ రాసి వేసే పెట్టె ఒకటి బడిలో ఉండేది. కార్యకర్తలున్న చోట కుంగుబాటు తగ్గింది, ఏడిపించడాలు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైంది. ఉపాధ్యాయులు చేసిన చోట ఫలితం లేదు. మాస్టార్లను తప్పుపట్టాల్సిన పని లేదు. వాళ్ల నెత్తిన ఇప్పటికే బోలెడు పనులున్నాయి. పైగా మార్కులు వేసే చేతికి మనసులో మాట అప్పగించడానికి ఏ పిల్లాడికైనా జంకే.

అయితే స్నేహితులు వినడంలోనూ ఒక చిక్కుంది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్త అమాండా రోజ్‌ దీన్ని చాలాకాలం పరిశీలించారు. ఇద్దరు నేస్తాలు ఒకే బాధను పదేపదే తవ్వుకుంటూ గంటల తరబడి మాట్లాడుకుంటే స్నేహం గట్టిపడుతుంది. కానీ ఆడపిల్లల్లో దిగులు, ఆందోళన కూడా దానితోపాటే పెరుగుతున్నాయని 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆమె తేల్చారు. మగపిల్లల్లో స్నేహం పెరిగింది గానీ దిగులు పెరగలేదు. "అది ఒక్కటే నన్ను అర్థం చేసుకుంటుంది" అని చెప్పుకునే జంట స్నేహితురాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. రోజూ రాత్రి ఒకరి ఏడుపు ఒకరు వింటారు. తెల్లారితే ఇద్దరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. సమస్య మాత్రం ఉన్న చోటే ఉంటుంది.

విన్న పిల్ల మోస్తున్న బరువు సంగతి ఎవరూ అడగరు. ఆమెకూ పరీక్షలున్నాయి. ఆమె ఇంట్లోనూ ఏవో గొడవలున్నాయి. అర్ధరాత్రి మెసేజ్‌కు బదులివ్వకుండా నిద్రపోతే ఏమవుతుందోనన్న భయంతో ఫోన్‌ దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. ఏదైనా జరగరానిది జరిగితే "నాకు ముందే తెలుసు, నేను చెప్పి ఉంటే" అన్న మాట ఏళ్ల తరబడి వెంటాడుతుంది. అలాంటి విషాదం జరిగిన బడిలో పోలీసులు, విలేకరులు, అధికారులు అందరూ చనిపోయిన పిల్లాడి ఇంటికి వెళ్తారు. వాడి పక్క సీటు నేస్తం ఎలా ఉన్నాడని చూసేవాళ్లు తక్కువ.

ఒట్టు మార్చుకోవాలి

కౌమార వయసు వారికి మానసిక ప్రథమ చికిత్స నేర్పే శిక్షణ ఆస్ట్రేలియాలో ఉంది. 2000లో పెద్దల కోసం మొదలై తర్వాత పిల్లలకూ విస్తరించింది. అందులో నేర్పేది ఇంతే. నేస్తంలో మార్పును గమనించు, అడుగు, విను, నమ్మకమైన పెద్దవారి దగ్గరకు చేర్చు. ఈ ఆఖరి అడుగు దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు. ఎందుకంటే ఒట్టేశారు. మాట తప్పితే స్నేహం పోతుందని భయం.

ఒట్టు మాటను కాస్త మార్చుకుంటే చాలు. "ఎవరికీ చెప్పను" అనే బదులు "నిన్ను అడక్కుండా ఊరంతా చెప్పను. కానీ నీ ప్రాణం మీదకు వస్తుందనిపిస్తే మాత్రం తప్పకుండా చెప్తా, నాతో నువ్వూ రా" అనవచ్చు. ఈ మాట ముందే అనుకుంటే తర్వాత ద్రోహం చేశాడన్న నింద ఉండదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి పెద్దలే భయపడతారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అది అపోహేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. అడిగితే ఎదుటివాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది. "ఔను" అన్నాడంటే వాణ్ని ఒంటరిగా వదలకూడదు. మెసేజ్‌లతో సరిపెట్టకూడదు. పెద్దల్ని పిలవాలి, ఆ క్షణమే.

పోలీసు కేసవుతుందన్న భయం ఇంకొకటి. ఆత్మహత్యా యత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309 సెక్షన్‌ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. అంతకుముందే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలా చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వారికి వైద్యం, ఆదరణ అందించడం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. ప్రభుత్వోద్యోగిని బెదిరించి విధులు ఆపించేందుకు చేసే ప్రయత్నమే కొత్త చట్టంలో నేరంగా మిగిలింది. పిల్లల బాధకు దానితో సంబంధం లేదు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తెలియకే దాస్తున్నారు.

ఇక చెప్పడానికి ధైర్యం చేసి వచ్చిన నేస్తాన్ని మనం ఎలా చూస్తున్నాం? "నీకెందుకురా, నీ చదువు నువ్వు చూసుకో" అంటాం. లేదా వెంటనే రెండో పిల్లాడి ఇంటికి ఫోన్‌ చేసి, "మీవాడు మావాణ్ని చెడగొడుతున్నాడు" అంటాం. "వాడితో తిరిగితే కాళ్లు విరగ్గొడతా" అన్న హెచ్చరిక సరేసరి. ఒక్కసారి ఇలా జరిగితే ఆ తరగతిలో ఇంకెవరూ నోరు విప్పరు.

గోడ మీద నంబరు

2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌ శిక్షణకు వచ్చి 2023లో హాస్టల్‌లో ప్రాణాలు కోల్పోయిన పశ్చిమ బెంగాల్‌ అమ్మాయి కేసులో వచ్చిన తీర్పిది. పొరుగు రాష్ట్రం నుంచి చదువుకోసం వచ్చిన పిల్ల. సరిహద్దు కుటుంబాలకు కొత్తగా వివరించాల్సిన పని లేదు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సామాజిక కార్యకర్తనో నియమించాలి. అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి.

సరిహద్దు ఊళ్లకు వచ్చేసరికి రెండు సందేహాలు. ఒకటి, పిల్లల సంఖ్య తగ్గి వందకు లోపే నడుస్తున్న తెలుగు మాధ్యమ బడులకు "బయటి నిపుణుడు" ఎక్కడ దొరుకుతాడు, దొరికినా ఏ భాషలో వింటాడు? రెండు, ఆ పెద్ద అక్షరాలు ఏ భాషవి?

కేంద్రం 2014 జనవరిలో ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర్‌ స్వాస్థ్య కార్యక్రమంలో తోటి పిల్లలే సలహాదారులుగా ఉండే ఏర్పాటు ఉంది. ఊరికి ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఆలోచన మంచిది. ఈ వ్యాసంలో చెప్పుకుంటున్న దారి దాదాపు అదే. కాకపోతే అది ఊరికి కట్టిన పథకం. పదహారేళ్లకే ఊరు వదిలి హాస్టల్‌ చేరే పిల్లాడికి అక్కడి ఆశా కార్యకర్త ఎవరో, ఆ నలుగురు పిల్లలెవరో తెలియదు.

అందుబాటులో ఉన్నది టెలిమానస్‌. 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416 నంబరు, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. 20 భాషల్లో మాట్లాడతారు, తెలుగు వాటిలో ఒకటి. హోసూరులో ఉన్నా, రాయగడలో ఉన్నా, సిరోంచలో ఉన్నా తెలుగు ఎంచుకోవచ్చు. బాధలో ఉన్నవాళ్లే చేయాలని లేదు. "నా ఫ్రెండ్‌ ఇలా అంటున్నాడు, నేనేం చేయాలి?" అని నేస్తం అడిగినా దారి చూపుతారు. ఇంట్లో కొట్టడం, వేధింపుల వంటివైతే పిల్లల సహాయానికి 1098 ఉండనే ఉంది.

ఫోన్‌ అనగానే ఒక తేడా గుర్తుచేసుకోవాలి. అసర్‌ 2023 నివేదిక ప్రకారం గ్రామాల్లో 14-18 ఏళ్ల వయసులో స్మార్ట్‌ఫోన్‌ వాడటం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్‌ ఉంటే, అమ్మాయిల్లో 19.8 శాతం మందికే ఉంది. నాన్న ఫోన్‌లోంచి, అన్న పక్కన నిలబడి వింటుండగా ఏ పిల్ల 14416 నొక్కుతుంది? ఆమెకు ఫోన్‌ కన్నా ముందు ఒక మనిషి కావాలి. తెలుగు టీచరమ్మ కావచ్చు, నర్సమ్మ కావచ్చు, వీధి చివర కుట్టుమిషను అక్క కావచ్చు. వారానికి ఒక గంట, తలుపు తెరిచి ఉంటుందని పిల్లలకు తెలిస్తే చాలు.

సరిహద్దు పట్టణాల్లో తెలుగు సంఘాలకు కొదవ లేదు. ఉగాదికి పంచాంగ శ్రవణం, శాలువాలు, సన్మానాలు ఘనంగానే జరుగుతాయి. పదో తరగతిలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న వారికి బహుమతులూ ఇస్తారు. మార్కులు రాని వారిని పిలిచిన సంఘాలు ఎన్ని? ఫలితాలు వచ్చే వారంలో సంఘం గది తాళం తీసి, పిల్లలకు తెలిసిన ఇద్దరు పెద్దలు సాయంత్రం వేళ అక్కడ కూర్చోవచ్చు. సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలో, ఏ కాలేజీలో ఇంకా సీట్లు ఉన్నాయో చెప్పవచ్చు. పిల్లాడు ఒంటరిగా రాడు, నేస్తాన్ని వెంటబెట్టుకుని వస్తాడు. ఆ ఇద్దరికీ టీ ఇచ్చి కూర్చోబెట్టాలి. బడుల్లో, హాస్టళ్లలో పెట్టే నంబరు బోర్డు మీద తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ కింద తెలుగులో ఒక వరుస రాయించడానికి ఏ జీవో కోసమూ ఆగక్కర్లేదు. హెడ్మాస్టరును అడిగితే, రంగు డబ్బా ఖర్చుతో అయిపోయే పని.